బొంబాయి తెలుగువారి మలివయసు సంకల్పములు

మన పూర్వులు మానవజీవితమును నాలుగు ఆశ్రమములుగా విభజించినారు. చదువుకొనుటకు ఒక కాలము, ఇల్లు నిలుపుటకు ఒక కాలము, ఇంటి భారమును కుమారులకు అప్పగించి తొలగుటకు ఒక కాలము, సర్వమును విడుచుటకు ఒక కాలము. ఈ విభాగములో ఒక మాట చెప్పకయే ఇమిడి ఉన్నది. మనిషి పుట్టిన చోటనే పెరిగి, అక్కడనే ఇల్లు కట్టి, వయసు మళ్లిన పిదపనే గడప దాటునని వారి తలంపు. పొట్టకూటికై పరదేశము పోయినవాని సంగతి ఆ లెక్కలో లేదు.

బొంబాయికి వచ్చిన తెలుగువాడు ఈ క్రమమును తలక్రిందులు చేసినాడు. మీసకట్టు రాకమునుపే గడప దాటినాడు. ఆలుబిడ్డలను ఊరిలో విడిచి, పదిమందితో ఒక ఖోలిలో పండుకొని, వానప్రస్థుడు గడపవలసిన జీవనమును యౌవనములోనే గడిపినాడు. సొంత ఇంటి అరుగు మీద, సొంత మనుషుల నడుమ కూర్చుండు సుఖమును మాత్రము ముసలితనమునకు దాచుకొన్నాడు. గృహస్థాశ్రమమును వార్ధక్యమునకు వాయిదా వేసినవాడు అతడు. ఆ వాయిదా ఎవరికి చెల్లినది? ఎవరికి చెల్లలేదు? చెల్లనివారు తమ జీవితమును ఏ లెక్కన చూచుకొనవలెను? ఈ వ్యాసములో విచారింపదలచిన విషయమిది.

బొంబాయి తెలుగువారి కథను కామాటిపురతో మొదలుపెట్టుట న్యాయము. విడివిడి దీవులుగా ఉన్న ఈ స్థలమును ఒక నగరముగా కూర్చు పనిలో, హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట 1784 ప్రాంతమున పూర్తియైనది. సముద్రము లోపలికి పొర్లి వచ్చు పెద్ద గండి దానితో మూతపడగా, ఆ వెనుకనున్న పల్లపు నేలలు క్రమముగా మెరకయై నివాసయోగ్యములైనవి. ఆ నేలలలో ఒక భాగమున నైజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కూలీలు కాపురముండినారు. మట్టి త్రవ్వుట, రాయి మోయుట, గోడ కట్టుట వారి పని. తెలుగున కామాటి అనగా అట్టి పనివాడే. బొంబాయిలో ఆ మాట మనవారికందరకు పేరైనది. వారున్న పేట కామాటిపుర యైనది. తరువాతి కాలమున ఆ పేటకు మరియొక విధమైన పేరు అంటుకొన్నది. లోకము దానినే జ్ఞాపకముంచుకొన్నది. ఆ పేటకు పేరిచ్చినవారు రాళ్లెత్తిన కూలీలని తెలిసినవారు నేడు తక్కువ.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ నగరము రాతితో పైకి లేచినది. 1860 తరువాతి దశకములో పాతకోట గోడలు పడగొట్టినారు. 1880లో ప్రిన్సెస్ డాక్ తెరచినారు. 1888 నాటికి విక్టోరియా టెర్మినస్ పూర్తియైనది. కట్టుబడి పని తెలిసినవానికి పని దొరకదను మాట లేని కాలమది. 1871లో బొంబాయి రైలుమార్గము రాయచూరు దగ్గర మద్రాసు మార్గముతో కలిసినది. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు రైలు వచ్చినది. అటుపిమ్మట రెండేండ్లకే దక్కను నంతయు పీడించిన 1876-78 నాటి మహాక్షామము వచ్చినది. కూలివాని బ్రదుకులో రైలు రెండు మార్పులు తెచ్చినది. వచ్చుట సులభమైనది, తిరిగి పోవుటయు సులభముగా తోచినది. దినములకొలది నడక అడ్డముండగా ఊరు మరపునకు వచ్చుట కలదు. రాత్రికి బండి ఎక్కిన చేరగలమను ధైర్యమున్నప్పుడు ఊరు మనసును విడువదు.

ఆనాటివాడు ఏ సంకల్పముతో బండి దిగినాడు? పేరు చెప్పి వ్రాసిపెట్టినవారు లేరు గాని, వారు విడిచి వచ్చిన పరిస్థితులను బట్టి గ్రహించుట కష్టము కాదు. నైజాము తెలంగాణములో దొరల వెట్టి, షావుకారు వడ్డీ, వాన పడని మెట్టభూమి వారి వెనుక ఉండినవి. అప్పు తీర్చవలెను, తాకట్టు పడిన చెక్కను విడిపించవలెను, ఎవరి ముందు చేతులు కట్టుకొనని బ్రదుకు బ్రదుకవలెను, చివరి దినములు ఊరిలో గడుపవలెను. ఈ నాలుగు కోరికలు ఒకే ముడిగా వారి మనసులో ఉండినవి. ఆ ముడిలో ఒక చిక్కు కలదు. వెట్టి తప్పించుకొనుటకు ఊరు విడిచినవాడు, ఊరు చేరినంతనే మరల ఆ దొర యెదుట నిలువవలసినవాడే. 1948 సెప్టెంబరు 17న నైజాము పాలన ముగిసి, 1949లో జాగీర్లు రద్దయి, 1950లో కౌలుదారుల చట్టము వచ్చువరకు, ఆ ఊరికి తలయెత్తుకొని తిరిగి పోవుట సామాన్యునకు సులభముగా సాధ్యమయ్యెడి పని కాదు.

ఇట్టి సంకల్పము బొంబాయి తెలుగువానికే పరిమితము కాదు. 1860 నుండి నేటాలుకు, ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఫీజీకి ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కిన తెలుగువారికి తిరుగు ప్రయాణము కాగితము మీద వ్రాసిన హక్కు. ఆ దేశములో పది సంవత్సరములు గడిపినవానికి ఓడఖర్చు ఇచ్చి పంపవలెనని నియమము. అయినను వారిలో ఎక్కువమంది అక్కడనే నిలిచిపోయినారు. బర్మాకు పోయినవారి కథ మరియొక తీరు. 1942లో యుద్ధము మీదపడగా వేలకొలది మనవారు రంగూను విడిచి, కొండలు అడవులు దాటి, కట్టుబట్టలతో తిరిగి వచ్చినారు. ఊరు చేరినారు గాని, తాము కోరిన విధమున చేరలేదు. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఒక సంగతి తెలియును. తిరిగి వచ్చినవారందరు గెలిచినవారు కారు. తిరిగి రానివారందరు ఓడినవారు కారు. బొంబాయి కూలివానికి ఏ ఒప్పందపు కాగితమును లేదు. తనకు తాను ఇచ్చుకొన్న మాట తప్ప అతనికి వేరు ఆధారము లేదు. అందువలననే ఆ మాట అతనిని చివరివరకు బాధించినది.

చేతిలో సొమ్ము చేరిన తెలుగువారును ఆ కాలముననే కనిపింతురు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు, వ్యంకు బాళోజీ కాళేవార్ మొదలైనవారు బొంబాయిలో పేరుగన్నవారు. పుణెలో జ్యోతిరావు ఫూలే 1873 సెప్టెంబరు 24న సత్యశోధక సమాజమును స్థాపించగా, బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో వీరు ముఖ్యులు. సమాజమునకు అచ్చుయంత్రమును కొని ఇచ్చుటలోను వీరి చేయి కలదు. వీరు తలచినచో ఆ సొమ్ముతో సొంత ఊళ్లలో మేడలు కట్టుకొని ఉండవచ్చును. తమది కాని భాషలో అక్షరములు పోయు యంత్రమునకు దానిని వెచ్చించినారు. తక్కువ కులమని త్రోయబడినవాని బిడ్డ చదువుకొనవలెనను కోరిక, ఊరు చేరవలెనను కోరికకంటె వారికి పెద్దదిగా తోచి ఉండవలెను.

ఫూలే చివరి దినములు కూడ మన విషయమునకు సంబంధించినవే. 1888 మే 11న బొంబాయి మాండ్వీలోని సభలో ఆయనకు మహాత్మ బిరుదమిచ్చినారు. ఆ సంవత్సరముననే పక్షవాతము వచ్చి కుడిభాగము పడిపోయినది. ఆయన ఎడమచేతితో వ్రాయుట అలవరచుకొని ‘సార్వజనిక సత్యధర్మ పుస్తకము’ను పూర్తిచేసినాడు. 1890 నవంబరు 28న మరణించినాడు. పుస్తకము 1891లో వెలువడినది. అరువది దాటిన మనిషి, తన పని అచ్చులో చూతునో లేదో తెలియక, పనికిరాని చేతిని విడిచి పనికివచ్చు చేతితో సాగించినాడు. ముదిమిలో పెట్టుకొను సంకల్పము ఎట్లుండవలెనో తెలుపుటకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతము మనకు అక్కరలేదు.

సత్యశోధక సమాజమునకు చెందిన నారాయణ మేఘాజీ లోఖండే కృషి ఫలితముగా 1890 జూన్ 10న బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు లభించినది. అప్పటికి మిల్లులు వచ్చి ముప్పది ఏండ్లు దాటినవి. 1854లో స్థాపితమైన మొదటి మిల్లు 1856లో నూలు తీయనారంభించినది. ఆ మిల్లులలో మన పద్మశాలీలు చేరుట చరిత్రలోని ఒక చమత్కారము. యంత్రపు వస్త్రము పల్లెమగ్గమును కృశింపజేసినది. మగ్గము విడిచినవాడు అదే యంత్రమునొద్ద కూలికి నిలిచినాడు. షోలాపురము, భివండీలకు పోయినవారి కథయు ఇట్టిదే. మిల్లులో మొదట బదిలీ పని. ఎవడైనను రానినాడు వానికి బదులుగా లోపలికి పిలుపు. పిలుపు రానినాడు గేటు వద్దనుండియే వెనుకకు. పేరు పుస్తకములో ఎక్కుటకు ఏండ్లు పట్టును. అట్టివానికి ముసలితనమును గూర్చి ఆలోచించుటకు తీరిక ఎక్కడిది?

1920 తరువాత బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు వారు కట్టిన చాళ్లలో మనవారనేకులు చేరినారు. వర్లీలో 121, నాయగావ్‌లో 42, డిలైల్ రోడ్డున 32, శివడీలో 12, మొత్తము 207 కట్టడములు. ఖోలి ఒక్కటికి 160 చదరపు అడుగులు. పాయిఖానాలు అంతస్తులోని వారందరకు ఉమ్మడి. ఈ కొలతలను జ్ఞాపకముంచుకొనుట అవసరము. అంత చోటులో తల్లిదండ్రులు, కొడుకులు, కోడండ్రు, ఊరినుండి పనికి వచ్చిన మేనల్లుడు కూడ ఇమిడి బ్రదికినారు. అట్టి ఇంటిలో ముసలివానికి చోటు లేదనుట ఎవరి కఠినత్వము వలన కాదు. ఊరిలో ఇల్లు కట్టుకొని పోవలెనను కోరికకు ఊరిమీది మమకారము ఎంత కారణమో, ఈ 160 అడుగులును అంత కారణము.

స్వాతంత్ర్యానంతరము ఆ కోరికకు ఒక ఆకారము ఏర్పడినది. 1952 నాటి ప్రావిడెంటు ఫండు చట్టము మొదట వర్తించిన పరిశ్రమలలో బట్టల మిల్లులు కలవు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము ప్రకారము, అయిదేండ్లు పనిచేసినవానికి ఏడాదికి పదునైదు దినముల జీతము చొప్పున లెక్కగట్టి ఇవ్వవలసియుండెను. మన పల్లెలలో పనిచేయలేని దినము వచ్చువరకు పనిచేయుటయే గాని, పని చాలించి సొమ్ము తీసికొని ఇంటికి పోవు దినము అనునది లేదు. బొంబాయి మిల్లు మనవారికి ఆ దినమును చూపినది. ఆ సొమ్ముతో కూతురి పెండ్లి, ఊరిలో రెండు గదుల ఇల్లు, ఒక ఎకరము నేల. చాళ్లలోని సంభాషణలలో ఈ మూడును ఎన్ని మారులు దొరలినవో పెద్దలకు తెలియును.

అంతలో 1982 జనవరి 18 వచ్చినది. దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు సమ్మె కట్టినారు. ఆ సమ్మె ముగిసినదని ప్రకటించినవారు లేరు. మిల్లులు అనేకము మరల తెరువలేదు; తెరచినవి అందరిని తీసికొనలేదు. నలువది, నలువది అయిదు ఏండ్ల వయసువాడు, పని చాలించుటకు ఇంకను పదునైదేండ్లున్నదని లెక్కించుకొన్నవాడు, ఒక ఏడాదిలో ముసలివాడైపోయినాడు. కొందరు ఊరికి పోయినారు. అక్కడ కట్టుటకు మొదలుపెట్టిన ఇల్లు గోడలతో నిలిచి ఉన్నది. కొందరు కావలివాండ్రుగా, బండ్లు త్రోయువారుగా ఇక్కడనే నిలిచినారు. చిమ్నీలున్న చోట తరువాత అంగళ్ల భవనములు, కార్యాలయములు లేచినవి. తాము నూలు వడికిన చోట కావలి కాసిన తండ్రులు మన ఇళ్లలో ఉండినారు.

ఆ దినములలో ఇండ్లు నిలిచినవన్నచో స్త్రీల వలన నిలిచినవి. బీడీలు చుట్టినవారు, ఇండ్లలో పనికి పోయినవారు, బట్టలు కుట్టినవారు వారే. మన చరిత్ర వ్రాతలలో వారి సంకల్పమేమని అడిగినవారు అరుదు. పురుషుడు ఊరికి పోదమన్నప్పుడు, మనుమలున్న చోటు విడిచి రానని పట్టుబట్టిన ఇల్లాండ్రు ప్రతి చాల్‌లోను కలరు. ఆమెకు పుట్టిల్లు విడుచుట ఒకమారు, అత్తవారి ఊరు విడుచుట ఒకమారు అయినది. మూడవమారు విడుచుటకు ఆమె సిద్ధముగా లేదు. ఆమెకు పని చాలించు దినమును, గ్రాట్యుటీయు ఏ చట్టములోను లేవు. అందువలన ఆమె తన ఆశను ఒక దినముమీదగాని, ఒక చోటుమీదగాని పెట్టుకొనలేదు, మనుషులమీద పెట్టుకొన్నది. ఈ విషయమున ఆమె దృష్టి పురుషుని దృష్టికంటె స్థిరమైనదని చెప్పక తప్పదు.

ధారావి తెలుగువారి స్థితి వేరు. ఒకప్పుడు కోలీ జాలరుల పల్లె, తరువాత తోళ్ల పనివారికిని సౌరాష్ట్ర కుమ్మరులకును ఆశ్రయమైన ఆ చోట, చిన్న కార్ఖానాలలో పనిచేసినవానికి పేరు ఎక్కు పుస్తకమే లేదు. పుస్తకము లేనిచోట ఫండు లేదు, పని చాలించు దినము లేదు. అతని సంకల్పమంతయు తల దాచుకొను గోడలమీద నిలిచినది. 2022లో ధారావి పునర్నిర్మాణమునకు టెండరు ఖాయమైన పిదప, అర్హతగల కుటుంబమునకు 350 చదరపు అడుగుల ఇల్లు ఇత్తుమని 2024లో ప్రకటించినారు. 2000 జనవరి 1కి పూర్వమే అక్కడ నివసించినట్లు కాగితములు చూపవలెను. ఏబది ఏండ్ల జీవితమును ఒక రేషను కార్డుతో, ఒక కరెంటు బిల్లుతో ఋజువు చేయవలసిన స్థితి నేడు మన వృద్ధులకు వచ్చినది. వర్లీ చాళ్లలో 2025లో కొన్ని కుటుంబములకు కొత్త ఇండ్ల తాళములు చేతికి వచ్చినవి. తండ్రి చూడని ఇంటి తాళము కొడుకు చేతికి వచ్చిన ఇండ్లును అందులో ఉండకపోవు.

ఇక ఊరి సంగతి. 1940లో పాలమూరు పల్లెలో పుట్టినవాడు నైజాము ప్రజ. 1948 తరువాత హైదరాబాదు రాష్ట్రమువాడు, 1956లో ఆంధ్రప్రదేశ్‌వాడు, 2014 జూన్ 2న తెలంగాణమువాడు అయినాడు. అతడు నివసించిన నగరమును 1960 వరకు బొంబాయి రాష్ట్రములోనిది, పిదప మహారాష్ట్ర రాజధాని. 1995లో దాని పేరే ముంబయి అయినది. అతడు మనసులో పెట్టుకొన్న ఊరు 1955 నాటి ఊరు. ఆ ఊరి యువకులు నేడు హైదరాబాదుకో గల్ఫు దేశములకో పోయినారు. అరుగు మీద కూర్చుండి మాటాడవలెనని అతడు తలచిన స్నేహితులు అరుగు మీద లేరు. తిరిగి పోవుటకు బండి ఉన్నది గాని, తిరిగి చేరుటకు ఆ ఊరు లేదు.

ఇట్టి స్థితిలో మన పెద్దలు తమను తాము రెంటికి చెడిన రేవళ్లమని అనుకొనుట వినుచున్నాము. ఈ మాటను ఒప్పుకొనరాదని నా అభిప్రాయము. మొదట చెప్పిన ముడిని విప్పి చూచినచో, అందులో గమ్యము ఒకటి, ప్రయోజనము ఒకటి వేరువేరుగా కనిపించును. ఊరు చేరుట గమ్యము. అప్పులేని, వెట్టిలేని, చేతులు కట్టుకొనని బ్రదుకు ప్రయోజనము. ఇరువది ఏండ్లవానికి ఈ రెండును ఒకటిగానే తోచినవి. అప్పటికి అతడు చూచిన లోకములో ఇల్లు అనగా ఊరిలోనే ఉండవలెను. డెబ్బది ఏండ్లవాడు వాటిని విడదీసి చూడవచ్చును. గమ్యము తప్పినది నిజమే. దొర యెదుట నిలువని మనుమడు, మరాఠీలో మాటాడి తెలుగులో అమ్మను పిలుచు మనుమరాలు, ప్రయోజనము నెరవేరినదనుటకు ఎదుటనే ఉన్న సాక్ష్యములు.

ఇది ముసలివారిని ఓదార్చు మాట గాదా అని ఎవరైనను అడుగవచ్చును. అందరి విషయమున ఇది చెల్లదని నేనును ఒప్పుకొందును. 1982 తరువాత చదువు మాన్పింపబడిన పిల్లలు కలరు. తాగుడుకు బలియైన తండ్రులు కలరు. వారి ఇండ్లలో గమ్యమును ప్రయోజనమును రెండును చెడినవి. ఆ లెక్కను చక్కదిద్ది చూపుట అసత్యమగును. కాని అది సంకల్పములో దోషము కాదు. గేటు మూసినవారు వేరు, గేటు ముందు నిలిచినవారు వేరు. ఈ భేదము వ్రాసిపెట్టకపోయినచో, తరువాతివారు తాతల చేతగానితనమనియే తలంతురు.

కనుక నేడు మన వృద్ధులకు మిగిలిన పని ఒకటి కలదు. సమ్మెనాటికి ముప్పది ఏండ్లున్నవారు ఇప్పుడు డెబ్బది దాటినారు. వారి తరువాత ఈ సంగతులు కన్నులార చూచినవారు ఉండరు. ఒకప్పుడు ఈ నగరపాలక సంస్థ నడిపిన తెలుగు బడులలో చదివినవారి మనుమలకు నేడు తెలుగు లిపి రాకపోవచ్చును. అయినను ఫూలేవలె ఏ చేయి పనికివచ్చునో ఆ చేతితో సాగించవలెను. వ్రాయగలవారు తెలుగున వ్రాయుదురుగాక. వ్రాయలేనివారు మనుమల చేతిలోని ఫోనులో చెప్పుదురుగాక. పిల్లలు దానిని మరాఠీలోకి మార్చుకొందురుగాక. ఏ ఊరినుండి, ఏ యేట, ఎవరి వెంట వచ్చినారు. మొదటి రాత్రి ఎక్కడ పండుకొన్నారు. మొదటి కూలి ఎంత. వచ్చునాటికి అప్పెంత, అది ఎప్పుడు తీరినది. ఊరికి తిరిగి పోవు తలంపు ఏ యేట మానినారు, ఎందువలన మానినారు. ఈ ప్రశ్నలకు ప్రతి ఇంటినుండి రెండు పుటల సమాధానము వచ్చినను, మన సంఘములు వాటిని కూర్చి భద్రపరచినను, కామాటిపుర మొదలు ధారావివరకు మన చరిత్ర మన మాటలలోనే నిలుచును. వచ్చు ఉగాదిలోపల ప్రతి కుటుంబమును తమ ఇంటి పెద్దను ఈ ప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాను.